ఎండకు దాహం

"మళ్లీ పడిపోయింది!"

చేతిలోని గాజు గొట్టాన్ని వెలుతురుకు పట్టి చూస్తూ ప్రేమ్‌సాగర్‌రావు అరిచాడు. పొద్దున పెరటి కొలను నీళ్లలో మందు చుక్కలు వేస్తే నిమ్మపండు రంగు వచ్చింది. సాయంత్రం అవే నీళ్లు, అదే మందు, రంగు మాత్రం లేదు. రంగు లేదంటే క్లోరిన్ లేదని.

"ఎండ తాగేస్తున్నదే జానకీ! మన ఆదిలాబాద్ ఎండకు ఎంత దాహమో చూడు."

పెరటి మెట్ల మీద కూర్చుని చింతపండులో గింజలు తీస్తున్న జానకీబాయి తల ఎత్తలేదు.

"బిడ్డల పెండ్లిళ్లకు గూడ గింత పరేషాన్ కాలేదు మీరు."

ప్రేమ్‌సాగర్‌రావుకు ఊళ్లో పత్తి నుంచి గింజలు వేరుచేసే జిన్నింగు మిల్లు ఉంది. మోకాళ్లు నొప్పులు పుడుతున్నాయి, నీళ్లలో నడవమని డాక్టరు చెప్పాడని పెరట్లో ఈత కొలను కట్టించాడు. ఈత రాదు. రోజూ పొద్దున్నే నడుము లోతు నీళ్లలో ఈ గోడ నుంచి ఆ గోడ దాకా గంభీరంగా నడుస్తాడు, అంతే.

కొలను నింపిన రోజునే భార్యను పిలిచాడు.

"నువ్వు గూడ దిగరాదే. గోదారి ఒడ్డు పిల్లవు."

"మంచిగనే ఉన్నది! అల్లుండ్లు వచ్చినంక చీర దోపుకొని నీళ్లల్ల దుంకాల్నా? బావగారికి తెలిస్తే ఇంకేమన్న ఉన్నదా?"

బావగారంటే ప్రేమ్‌సాగర్‌రావు అన్న భూపాల్‌రావు. పక్క సందులోనే ఇల్లు. ఆడవాళ్లు కాస్త గట్టిగా నవ్వితే గొంతు సవరించే మనిషి. ఎప్పుడు పడితే అప్పుడు, చెప్పాపెట్టకుండా వస్తాడు.

జానకీబాయి పుట్టిల్లు బాసర దగ్గర. పెళ్లి కాకముందు వరద తగ్గిన గోదావరిని అడ్డంగా ఈదేసేది. ఈ ఇంట్లో అడుగుపెట్టాక నీళ్లలో ఆమె పాదాలు తప్ప ఇంకేమీ మునగలేదు.

అలాంటిది ఒకరోజు భోజనం చేసి ఆయన మిల్లుకు వెళ్లాడు. పనిమనిషి చంద్రవ్వను ఎండలో రావద్దని, చల్లబడ్డాకే రమ్మని ఆయనే చెప్పి ఉన్నాడు. ఇంట్లో ఎవరూ లేరు. ఎదురుగా నీళ్లు మెరుస్తున్నాయి. జానకీబాయి చాలాసేపు గట్టు మీద నిలబడింది. మెట్ల దాకా పోయి వెనక్కి వచ్చింది. మళ్లీ పోయింది. దిగింది.

చేతులు ఏదీ మరిచిపోలేదు.

ఇక ఆ రోజు నుంచీ అదే వరస. అంబాసిడర్ కారు చప్పుడు వినబడకుండా పోగానే కొంగు నడుముకు చుట్టేది. వెల్లకిలా తేలుతూ కళ్లు మూసుకుంటే అది పెరడని గుర్తుండేది కాదు. పొద్దు వాలకముందే తల ఆరబెట్టుకుని, ఏమీ ఎరగనట్టు ఏ చింతపండో ముందేసుకుని కూర్చునేది. తలకు రాసుకున్న నూనె, ఒంటి చెమట కూడా ఎండతో పాటు క్లోరిన్‌ను తింటాయని ఆమెకు మొదట తెలియదు. తెలిశాక కూడా మానలేదు.

పాపం, ప్రేమ్‌సాగర్‌రావు మాత్రం ఎండ మీద యుద్ధం ప్రకటించాడు. బ్లీచింగ్ పౌడరు పొద్దుగూకాకే కలిపాడు. టార్పాలిన్ కప్పించాడు. దాన్ని చుట్టడం, మళ్లీ పరవడం జానకీబాయికి అదనపు చాకిరీ అయింది. చివరికి, ఎండకు క్లోరిన్ విరిగిపోకుండా ఆపే పొడి ఏదో హైదరాబాదు నుంచి తెప్పించాడు.

"ఇగ ఎండ తాత దిగివచ్చినా ఏం చెయ్యలేడు," అన్నాడు మీసం దువ్వి.

ఆ సాయంత్రం కూడా రంగు సగానికి సగం దిగింది. ఆయన గొట్టాన్ని అటు తిప్పి ఇటు తిప్పి చూస్తుంటే జానకీబాయి నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయింది.

ఒకరోజు అన్నం వడ్డిస్తుంటే ఆయన ఆమె ముఖంలోకి చూశాడు.

"కండ్లు గట్ల ఎర్రగైనయేందే?"

"ఉల్లిగడ్డలు కోసిన."

"జర చూసుకోని కొయ్యి," అన్నాడాయన. లేచి కొలను దగ్గరకు వెళ్లి, ఆ పూట కలపాల్సిన పౌడరులో ఒక గరిటెడు తగ్గించాడు. "నిన్న ఎక్కువేసినట్టున్న," అని తనలో తనే గొణుక్కున్నాడు.

జానకీబాయికి జాలి పుట్టింది.

"మీరొక్కరు నడిచేటందుకు ఇంత యాతన ఎందుకు? ఓ నాలుగొద్దులు వదిలిపెట్టరాదూ."

"అట్లెట్ల? పాపం, తాగే ఎండకైనా మంచినీళ్లు ఉండాలె గదనే!"

ఆ మాటకు ఆమె నవ్వింది గానీ లోపల ముల్లు గుచ్చుకుంది. ఇంత అమాయకుణ్ని ఇంకా ఎన్నాళ్లు మోసం చేయడం? రేపు ఒక్కసారి ఈది మానేద్దాం అనుకుంది.

మరునాడు కొంగు దోపుకుంటుండగానే ఫోన్ మోగింది. మిల్లు గుమాస్తా బుచ్చిరాములు.

"అమ్మా, సారున్నడా? గింజల లారీ వచ్చింది, జర మాట్లాడాలె."

"మిల్లుకే వచ్చిండు గద బుచ్చిరాములూ."

"మిల్లుకా? ఎండాకాలం మొదలైనకాంచి మధ్యాహ్నం పూట ఇటు దిక్కు వస్తనే లేడమ్మా."

జానకీబాయి ఫోన్ పెట్టేసింది. రోజూ కడుపునిండా తిని, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఈ వయసులో ఈ మనిషి ఎక్కడికి పోతున్నట్టు? ఇన్నాళ్లూ తాను దాస్తున్నాననుకుంటే, దాచేవాడు ఆయనా? ఈత మాట మరిచిపోయింది. చెప్పులు కూడా వేసుకోకుండా, కాళ్లు కాలుతున్నా వాకిలి దాటి వీధి గేటు దాకా వచ్చింది.

సందు మొదట్లోనే కారు నిలిపి ఉంది. అటునుంచి గొడుగు వేసుకుని బావగారు వస్తున్నాడు. జానకీబాయి చప్పున గేటు చాటుకు జరిగింది.

ఎన్నడూ అన్న ముందు నోరెత్తని ప్రేమ్‌సాగర్‌రావు కారు దిగి, సందుకు అడ్డంగా నిలబడి అన్నాడు: "ఎండ తగ్గినంక రా అన్నా, లోపల జానకి ఈదుతున్నది."