పట్టునేల

"కిందపడే ఏ వస్తువైనా నేలకు జానెడు ఎత్తున దానంతట అదే ఆగిపోతుంది" అని కుందన తేల్చేసింది. ఈసారి ప్రశ్న ఎంచుకునేదీ, ఇంట్లో పరీక్షించి జవాబు కనుక్కునేదీ పిల్లలేనని బడిలో చెప్పారు. ఎనిమిదేళ్ళ కుందన చేతికందినవన్నీ వదిలి చూసింది. అన్నీ జానెడు ఎత్తునే ఆగాయి.

జేజి సిద్ధమ్మ మంచం మీది నుంచి నవ్వింది. "అది వస్తువు గుణం కాదు పాపా, మన నేల గుణం. మీ నాయనతో ఒకసారి ఆపించి చూడు."

ఇప్పుడు ఆ ఊళ్ళో పట్టునేల లేని ఇల్లు గానీ బడి గానీ వీధి గానీ లేదు. ఏది పడినా, ఎవరు పడినా అది గాలిలోనే పట్టుకుంటుంది. తల్లి సిద్ధమ్మ జారిపడి తుంటి విరిగిన ఏడాదే కుందన నాయన ఓబులేసు దాన్ని ఇంట్లో వేయించాడు. కుందన అప్పటికింకా పుట్టలేదు. పుట్టాక ఒక్కసారి కూడా నేలకు తగిలేలా పడలేదు.

మంచం దిగనని తల్లి చేత ఒట్టు వేయించుకున్నాకే ఓబులేసు పట్టునేల స్విచ్చి ఆపాడు.

కుందన స్టీలు గ్లాసును మోకాలి ఎత్తు నుంచి వదిలింది. అది ఖంగుమనగానే ఓబులేసు కళ్ళు మూసుకున్నాడు. స్టూలెక్కి వదిలితే గ్లాసుకు సొట్ట పడింది. కుందన ఆ సొట్టను వేలితో తడిమి చూసింది.

"నువ్వు ఎంత ఎత్తు నుంచి పడినావు జేజీ?"

"నిలబడిన ఎత్తు నుంచే."

ఓబులేసు మళ్ళీ వేసేద్దామని స్విచ్చి మీద చెయ్యి పెట్టాడు.

"ఉండు నాయనా," అంది కుందన. "ఎత్తు తక్కువైతే దెబ్బ తక్కువ. నేను పొట్టిగా ఉన్నప్పుడే పడేది నేర్చుకుంటా."

ఓబులేసు స్విచ్చి మీది చెయ్యి తీసేసి, కుందన పడబోయే చోట ఉన్న స్టూలును పక్కకు జరిపాడు.