నేనొచ్చేదాంక

“మళ్లీ ఆగారు సార్! ఇక్కడ పిల్లలు లేరు, కెమెరా ఒక్కటే ఉంది. ఎవరికోసం ఆగుతున్నారు?” విసుక్కున్నాడు హైదరాబాదు నుంచి వచ్చిన ట్రైనర్.

లెక్కల సారు వెంకటేశం చెమట తుడుచుకున్నాడు. ఇంద్రేశంలోని ఆ ప్రైవేటు బడిలో రేపటి నుంచి పాఠాలన్నీ తెరమీదే. వీడియోలో చెప్పడం రాని టీచర్లకు ఇక ఉద్యోగం లేదు.

“అలవాటైపోయింది సార్. ‘సమజైందా?’ అని అడిగి జెర ఆగుత. సమజు కానోళ్లు చెయ్యెత్తుతరు. నేనొచ్చేదాంక దించొద్దని నేనే చెప్పిన.”

“వీడియోలో ఆగితే ఎవరూ చూడరు సార్. ఇదే ఆఖరి ఛాన్సు.”

“గట్లనకుండ్రి సార్, గీ వయసుల నాకు ఇంకెవరు పనిస్తరు? ఒక్కసారి... మీ కాళ్లు మొక్కుత.”

ఈసారి ఎక్కడా ఆగలేదు. ట్రైనర్ చప్పట్లు కొట్టాడు.

మర్నాడు ఏడో తరగతికి ఆ పాఠమే వేశారు. పక్కగదిలో వెంకటేశం కెమెరా ముందు తర్వాతి పాఠం చెబుతున్నాడు. గంట కొట్టారు. మధ్యనున్న కిటికీ అద్దంలోంచి తరగతిలోకి చూస్తే, తెర నల్లబడింది, పిల్లలంతా బయటికి ఉరుకుతున్నారు.

చంద్రిక ఒక్కతే బెంచీలో కూచుని ఉంది. పాఠం మధ్యలో ఎత్తిన కుడిచెయ్యి ఇంకా దించలేదు. నొప్పెడుతున్నట్టుంది, ఎడమచేత్తో దాన్ని పట్టుకుని తలుపు వైపే చూస్తోంది.

కెమెరా మీద ఎర్రలైటు వెలుగుతోంది.

“సమజైందా?” అని అడిగి, వెంకటేశం ఆగకుండా తర్వాతి లెక్కలోకి వెళ్లిపోయాడు.