ఎంతమంది ఎక్కుతారు?

"ఆరు చాలదండీ. పది ఇవ్వండి."

కౌంటర్ మీద రెండు చేతులూ ఆన్చి అన్నాడు వచ్చినాయన. రెయిన్‌కోటు మీంచి కారిన నీళ్ళతో నేల మడుగైంది. పడవ సామాన్ల దుకాణం ఆవిడ అతన్ని ఎగాదిగా చూసింది. ముసురు పట్టిన దగ్గర్నుంచీ దుకాణంలో ఈగలు తోలుకుంటూ కూర్చుంది పాపం. తీరా వచ్చిన ఒక్క బేరమూ పేచీతోనే మొదలైంది.

అతను ఎంచుకున్నది గాలి నింపే చిన్న రబ్బరు పడవ. దానికి ఆరు హార్స్‌పవర్ మించిన మోటారు తగిలించకూడదని పడవ మీదే అచ్చేసి ఉంది. ఆవిడ ఓపిగ్గా విడమరిచి చెప్పింది. పెద్ద మోటారు బరువుకి పడవ వెనక్కి కుంగుతుంది. ముక్కు పైకి లేస్తుంది. జోరు పెంచితే వెల్లకిలా తిరగబడుతుంది, లేదంటే మోటారు బిగించిన చెక్క ఊడి చేతికొస్తుంది. ఈ పాఠం ఆవిడ ఎంతోమంది కుర్రకారుకి చెప్పింది. వాళ్ళంతా నవ్వి పెద్దదే కావాలనేవారు. ఇతను నవ్వలేదు. పెదవులు తడుపుకుంటూ పడవ వంకే చూస్తున్నాడు.

"ఇంతకీ ఎంతమంది ఎక్కుతారు?" అంది ఆవిడ. ఆ మాట అడగకుండా ఎవరినీ మోటారు ముట్టనివ్వదు.

"నలుగురం. నేను, మా ఆవిడ, ఇద్దరు పిల్లలు. చిన్నది ఇంకా చంటిది."

ఈ వానల్లో చెరువులోకి ఎవరినీ దిగనివ్వడం లేదు కదా, షికారు ఎక్కడికని అడిగింది. చెరువులోకి కాదన్నాడు. మరి ఇంట్లో ఆవిడ ఒప్పుకుందా అంటే, ఆమెకి ఇంకా చెప్పలేదట.

"మీరు కూడా ఎవరితోనూ అనకండి," అన్నాడు మెల్లగా.

పెళ్ళాం బిడ్డల్ని వెంటబెట్టుకుని నీళ్ళలోకి వెళ్ళి తిరిగిరాని మగవాళ్ళ గురించి ఆవిడ పేపర్లో చదివింది. ఈయన కళ్ళు చూస్తే నిద్రపోయిన కళ్ళలా లేవు. మాటిమాటికీ జేబులోంచి ఫోన్ తీసి చూసుకుంటున్నాడు. మోటార్లు అయిపోయాయని చెప్పి పంపేద్దామనుకుంది. కానీ వెనక అలమరలో ఆరు హార్స్‌పవర్‌వి రెండు, అతని కళ్ళెదుటే నిగనిగలాడుతున్నాయి.

అంతలో అతనే అడిగాడు, పిల్లలకి లైఫ్ జాకెట్లు ఉన్నాయా అని. చంటిదానికి సరిపోయేది తప్పకుండా కావాలన్నాడు. ఆవిడకి పోయిన ప్రాణం లేచొచ్చింది. ముంచేవాడు జాకెట్లు కొనడు కదా. అనవసరంగా ఎంత మాట అనుకున్నాను అని తనని తనే తిట్టుకుంటూ, ఉన్నవాటిలో అతి చిన్న జాకెట్ వెతికి తీసింది.

అతను మళ్ళీ మోటారు దగ్గరికే వచ్చాడు. నీళ్ళు బాగా జోరుగా వస్తుంటే ఆరు లాగుతుందా అని. ఎదురు వెళితే ఏ మోటారైనా అలిసిపోతుందని, వాలుకి ఏటవాలుగా కోసుకుంటూ గట్టు చేరాలని, అలా అయితే ఆరు చాలని చెప్పింది. అతను ఆ మాట తనలో తను రెండుసార్లు అనుకుని, సరే, ఆరే ఇమ్మన్నాడు. ఆవిడ అలమరలోంచి ఒకటి తీసి కౌంటర్ పక్కన దింపింది.

"పడవని ఇసుకలోంచి దింపుతారా, రేవు నుంచా? నీళ్ళలో మునిగే మోటారు కాడ పొడుగుదా, పొట్టిదా అనేది చూసుకోవాలి."

"డాబా మీంచి."

"ఏ డాబా?"

"మా ఇంటి డాబా. పళ్ళ మార్కెట్ వెనక."

ఆవిడ చేతిలో జాకెట్ అలాగే ఉండిపోయింది. పళ్ళ మార్కెట్ వెనక చెరువు లేదు, కాలవ లేదు. వీధి కుళాయికే దిక్కులేదు. ఆ పక్క వీధిలోనే ఈ దుకాణం. వెనక గదిలో కాలూ చెయ్యీ పడిపోయిన అత్తగారు దగ్గుతోంది. కూతురు ఆ మార్కెట్ పక్క బడిలోనే ఉంది.

ఊరికి ఎగువనున్న డ్యామ్‌కి ఏ ఢోకా లేదని, పుకార్లు నమ్మొద్దని పొద్దున్నే మైకులో చెప్పుకుంటూ తిరిగారు. వానలు మొదలైనప్పుడు ప్రతి దుకాణం గోడకీ ఒక కాగితం కూడా అంటించి వెళ్ళారు. అనుమానం ఉంటే నేరుగా డ్యామ్ ఇంజనీరుగారికే ఫోన్ చెయ్యవచ్చునని నంబరు వేసి మరీ. ఆ కాగితం వెనక గది గుమ్మం పక్కనే ఉంది.

మోటారుకి స్పానర్ తెస్తానని చెప్పి ఆవిడ లోపలికి నడిచింది. ఎవరమ్మా వచ్చింది అని అత్తగారు మంచం మీంచి అడిగింది. "ఎవరో మతి చలించినాయన అత్తయ్యా," అని గొంతు తగ్గించి చెప్పింది. ఆ మాటే నిజం కావాలని లోలోపల మొక్కుకుంటూ, నంబరు నొక్కి ఫోన్ చెవికి ఆనించుకుంది.

కౌంటర్ దగ్గర ఫోన్ మోగింది.

అతను రెయిన్‌కోటు జేబులోంచి దాన్ని తీసి నంబరు చూశాడు. తలెత్తి గుమ్మంలో నిలబడ్డ ఆవిడనీ, ఆవిడ చెవి దగ్గరున్న ఫోన్‌నీ, వెనక మంచం మీదున్న ముసలావిడనీ చూశాడు. ఫోన్ కట్ చేశాడు. అలమరలో మిగిలిన రెండో మోటారు వైపు తిరిగి, అడిగాడు.

"మీ ఇంట్లో ఎంతమంది ఎక్కుతారమ్మా?"