వేపచెట్టు మీద ఎర్రపూలు

"ఏమప్పా, ఎవర్నడిగి గోడెక్కినావు?"

సుభద్రమ్మ కేకకు గోడ మీది మనిషి దోటి దించాడు. పొడవాటి వెదురు, కొసన కొడవలి.

"ఏటా వస్తానమ్మా. నా పేరు మాదన్న. పెద్దమ్మకు తెలుసు."

పెద్దమ్మ అంటే సుభద్రమ్మ అత్తగారు. కార్తీకంలో పోయింది. ఆదోనిలోని ఆ ఇల్లు, పెరడు, పెరట్లో వేపచెట్టు ఇప్పుడు కోడలి చేతికొచ్చాయి.

మాఘమాసం. చెట్టు ఆకంతా రాల్చేసింది. పైకొమ్మన ఒక్క గుబురు మాత్రం పచ్చగా ఉంది, ఎర్రటి పూలతో. పొద్దున్నే తేనెపిట్టలు వచ్చి వాలేవి. వాటిని చూస్తూ సుభద్రమ్మ పొయ్యి మీద పాలు పొంగిపోనిచ్చిన రోజులున్నాయి.

దోటి కొస సరిగ్గా ఆ గుబురు కిందే ఉంది.

"చెట్టంతా మోడైతే నీకు ఆ పచ్చనిదే కావాల్సొచ్చిందా? మేకలకా?"

"నాకు మేకలు యాడివమ్మా? అది బదనిక. చెట్టు రసం తాగి బతుకుతాది. ఉండనిస్తే చెట్టునే తినేస్తాది."

"పూలు పూసేది చెట్టును తింటాదంట! నీ కొడవలేమో ముద్దు పెడ్తాదా?"

మాదన్న నవ్వాడు. "ఈ ఏడు ఒక్కటే ఉంది తల్లీ. కోసేసి పోతా."

"కోయకుండా పో."

మరుసటి మాఘంలో వీధి వాకిట నిలబడే అడిగాడు.

"ఆరు గుబుర్లైనాయమ్మా."

"ఆరింతలు పిట్టలొస్తాండాయి. పో అప్పా."

ఆ పై ఏడు మాఘానికి అతను రాలేదు.

ఉగాది పచ్చడికి వీధి మొత్తం వేపపూత కోసుకునేది ఆ చెట్టుకే. ఈసారి సుభద్రమ్మే గిన్నె పట్టుకుని పక్క వీధికి వెళ్ళాల్సి వచ్చింది. తిరిగొచ్చి తలెత్తి చూసింది. చిగురు పెట్టని కొమ్మల నిండా గుబుర్లు నిగనిగలాడుతున్నాయి.

మరునాడే ఎమ్మిగనూరు దారిలో మాదన్న ఉండే గుడిసెలకు కబురంపింది. దోటి పట్టుకుని వచ్చింది మాదన్న కాదు, అతని భార్య లింగమ్మ.

"ఆయప్ప పోయి మూడు నెలలాయెనమ్మా. జొరమొచ్చి."

సుభద్రమ్మ వాకిలి తలుపు బార్లా తీసి పక్కకు జరిగింది.

"ఈ చెట్టు సంగతి సెప్పే పోయినాడు. పిలిస్తే వాకిట్లోంచి పో, పిలవకుంటే గోడెక్కు అన్నాడు."

లింగమ్మ సాయంత్రం దాకా కోసింది. గుబురు పట్టిన చోటికి జానెడు కిందికి, కొమ్మతో సహా. సగం చెట్టు మిగిలింది.

సుభద్రమ్మ ఆమెను అరుగు మీద కూర్చోబెట్టి అన్నం పెట్టింది.

"కూలి కూడా అడక్కుండా ఊళ్ళో చెట్లన్నీ ఎక్కేవాడంట గదా. మరి మీ బతుకుదెరువేంది లింగమ్మా?"

"ఎండిన చెట్లు కొట్టి కట్టెలమ్మేటోడమ్మా," అంది లింగమ్మ ముద్ద కలుపుతూ. "చెట్టు చస్తేనే మాకు కూడు."