పక్కింటికి ఎగుమతి

“ఎవరికేది బాగా చేతనైతే వాళ్లు అదే చెయ్యాలి. మిగతావి పక్క దేశం నుంచి తెచ్చుకోవాలి. మధ్యలో ఈ సుంకాలెందుకు, అడ్డుగోడలెందుకు?”

మావారు అద్దం ముందు నిలబడి, దేశదేశాల వాణిజ్య సభలో రేపు చదవాల్సిన ఉపన్యాసం వల్లె వేస్తున్నారు. నేను కుట్టుమిషను ఆపాను.

“బాగుంది. ఇస్త్రీ నాకంటే పక్కింటావిడ బాగా చేస్తుంది. మీ చొక్కాలు ఆవిడకిచ్చేస్తాను. ఆవిడ బట్టలు నేను కుడతాను.”

“నేను చెప్పేదీ అదే. మరి నా వంతు?”

“మీకేం చేతనవునో ఇన్నేళ్లయినా నాకు అంతుపట్టలేదు.”

అంతలో గోడవతల పక్కింటి పసివాడు గుక్కపట్టి ఏడుపు మొదలుపెట్టాడు. ఉపన్యాసం కాగితాలతో సహా మావారిని అక్కడికి తోలాను.

పావుగంటలో ఏడుపు ఆగింది. ఆయన పిల్లిలా తిరిగొచ్చి కుర్చీలో కూలబడ్డారు.

“రెండో పేజీకే పడుకున్నాడు. మూడో పేజీకి వాళ్ల నాన్న కూడా. రోజూ రమ్మంటోందావిడ.”

“ఇంకేం, మీకూ ఓ ఎగుమతి దొరికింది. మొహం అలా పెట్టారేం?”

“పోయినేడాది సభలో నా తీర్మానానికి ఒక్కరూ అడ్డు చెప్పలేదు,” అన్నారు నెమ్మదిగా. “అందరూ ఒప్పుకున్నారనుకున్నాను.”