అత్తగారి కొత్త హుషారు

"గుండె ఇలా పరుగెడుతోంది, ఎక్కడికమ్మా ప్రయాణం?" అన్నాడు ఎమర్జెన్సీ డాక్టరు, అత్తగారి నాడి పట్టుకుని.

పక్కనే కోడలు నిలబడి ఉంది. నెలరోజులుగా అత్తగారు కోడలు తోమిన గిన్నెలే మళ్లీ తోముతూ, ఉతికిన కర్టెన్లే మళ్లీ ఉతుకుతూ, చివరికి పక్కింటివాళ్ల కర్టెన్లు కూడా లాక్కొచ్చారు. ఇదంతా తన మీద సాధింపనుకుని కోడలు ఆవిడతో మాటలు మానేసింది.

రక్తపరీక్ష రిపోర్టు వచ్చింది.

"థైరాయిడ్ బాగా ఎక్కువుంది. ఇంట్లో ఎవరైనా థైరాయిడ్ మాత్రలు వాడతారా?"

"నేనే," అంది కోడలు.

అత్తగారు సీలింగు ఫ్యాను వైపు చూశారు.

"అత్తయ్యా! నా మాత్రలు మింగారా?"

"రోజుకి రెండేనే! అవి వేసుకునే కదా నువ్వు బొంగరంలా తిరుగుతావు. నీ పనిలో సగం అందుకుందామని..."

"మానేస్తే తగ్గిపోతుంది," అన్నాడు డాక్టరు, నవ్వు ఆపుకుంటూ.

కోడలు ఆవిడ చెయ్యి పట్టుకుంది. "పనులొద్దు అత్తయ్యా. పక్కన కూర్చుని కబుర్లు చెప్పండి, చాలు."

"దానికి మాత్రలెందుకే!" అంటూ అత్తగారు అక్కడే మొదలుపెట్టేశారు.