మొండి మూత

"మూత ఇవాళా రాలేదు బాబూ," అంది పాపాయమ్మ, గుమ్మంలో నిలబడి సీసా ముందుకు చాపుతూ.

శ్యాంబాబు గడియారం వంక చూసి, ఆవిడకి వినబడేలాగే నిట్టూర్చాడు. "కూర్చోండి పిన్నిగారూ. ఆఫీసుకి టైమైపోతోంది."

తువ్వాలు తెచ్చి మూతకి చుట్టి, పళ్లు బిగబట్టి తిప్పాడు. మొదటి పట్టుకి కదల్లేదు. రెండోసారికి ఊడింది. గదంతా పుల్లటి వాసన కొట్టింది.

అది యాపిల్ సైడర్ వెనిగర్. మోకాళ్ల నొప్పులకి అంతకు మించింది లేదని ఫోన్లో ఎవరో చెబితే, ఆవిడ చెల్లెలి కూతురు, వీధి చివర ఉండే వినీల తెచ్చిపెట్టింది. అంత పొడుగు పేరు నోరు తిరక్క పాపాయమ్మ దాన్ని బైబిల్లో మాటతో 'చిరక' అంటుంది. జంగారెడ్డిగూడెంలో ఆ ఇంటి ముందు వాటా ఆవిడది, వెనక వాటా శ్యాంబాబుది. మూత రాని సీసా పట్టుకుని ఆవిడ పొద్దున్నే ఈ వాటాకి రావడం మొదలై రెండు నెలలు దాటింది.

శ్యాంబాబు గోరువెచ్చని నీళ్లలో రెండు చెంచాలు కలిపి ఇచ్చాడు. "దీనికి మోకాళ్లు తగ్గుతాయంటారా?"

"తగ్గకపోతే పెరగవుగా!" అని ముక్కు మూసుకుని గుటకేసింది పాపాయమ్మ. మొహమంతా ముడుచుకుంది. నాలుక మీద పులుపు తగ్గేదాకా వీధి కబుర్లు చెప్పింది. పామాయిల్ గెలల ట్రాక్టరు ఎవరి గోడని గుద్దిందో, చర్చి స్త్రీల సమాజంలో ఎవరు ఎవరితో మాట్లాడడం లేదో, అన్నీ. ఈలోగా ఆవిడ ఫోను మోగింది. "వస్తున్నానే, ఆగండి," అని లేచింది.

శ్యాంబాబు సీసా వంటింట్లోకి తీసుకెళ్లి, కారిన చుక్కలు తుడిచి, మూత పెట్టి తెచ్చిచ్చాడు.

"ఈవిడతో చచ్చిపోతున్నానమ్మా," అన్నాడు ఆఫీసులో, పక్క సీటు అశ్వినితో.

అశ్వినికి ఆ కథ కొత్తది కాదు. "వదులుగా పెట్టుకోమని చెప్పచ్చుగా సార్?"

"చెప్పా. ఊపి తాగాలట, వదులైతే కారిపోతుంది."

"చేతుల్లో బొత్తిగా సత్తువ లేదా పాపం?"

శ్యాంబాబు ఆలోచించాడు. "మొన్న బావి దగ్గర తడి దుప్పట్లు పిండుతోంది. చుక్క నీరు మిగల్లేదు."

అశ్విని ఫక్కున నవ్వింది. "దుప్పట్లు పిండే చేతులకి మూత రాదా సార్! మూత వంక. ఆవిడకి మాట్లాడే మనిషి కావాలి. ఒక్కరే ఉంటారన్నారుగా?"

"అంతేనంటావా?" అన్నాడు శ్యాంబాబు. "పాపం, ఒంటరి మనిషి."

అప్పట్నుంచి ఆయన ఆవిడ ముందు నిట్టూర్చడం మానేశాడు.

ఆదివారం మాత్రం పాపాయమ్మ రాదు. ఆరాధన అయ్యేదాకా ఏమీ ముట్టదు. భార్య పోయాక శ్యాంబాబు కాకినాడ నుంచి బదిలీ అడిగి మరీ ఈ ఊరొచ్చాడు, చర్చి గడప తొక్కడం మానేశాడు. కాబట్టి ఆదివారం ఆయనకి హాయి, పది దాకా పడుకోవచ్చు. కానీ మామూలు వేళకే మెలకువ వచ్చేసేది. ఆ రోజు చీకటి పడేలోగా ఆయన నోరు విప్పేది ఒక్కసారే, కర్రీ పాయింటులో పప్పుచారు ఉందా అని అడగడానికి.

ఓ శనివారం పాపాయమ్మ గ్లాసు ఖాళీ చేసి, లేవకుండా కూర్చుంది.

"ఇక నిన్ను పీడించను బాబూ. చిరక బిళ్లల్లా కూడా వస్తోందట. సోమవారం తెస్తానంది వినీల. నీళ్లతో మింగేస్తే సరి, మూత గొడవే లేదు."

సోమవారం నుంచి ఈవిడ ఎవరితో మాట్లాడుతుంది, పాపం, అనుకున్నాడు శ్యాంబాబు.

"బిళ్లలా? వద్దండి పిన్నిగారూ. సీసా అడుగున మబ్బులా తేలుతుంది చూడండి, తల్లి అంటారు దాన్ని. గుణమంతా దాంట్లోనేనట. బిళ్లల్లో అది ఉండదు."

"నువ్వు నమ్మవుగా ఇవన్నీ?"

"చదివానండి. మీ నడక కూడా తేలికపడింది, నేను చూస్తున్నాగా."

పాపాయమ్మ మోకాలు తడుముకుంది. "పడిందంటావా? నాకేం తెలీడం లేదు. నీ శ్రమేనయ్యా నా బెంగ. పైగా ఇక్కడ ఆలస్యమై, ప్రార్థనకి వెళ్లేవాళ్లంతా గేటు దగ్గర నా కోసం పడిగాపులు. అదిగో, అప్పుడే తబిత కేకలేస్తోంది."

"నాకేం శ్రమండి! రెండు నిమిషాల పని. సోమవారం కూడా వచ్చేయండి."

ఆవిడ ఆయన మొహంలోకి చూసి, "సరేలే, చదువుకున్నవాడివి చెబుతున్నావు. బిళ్లలు వద్దంటాలే," అంది.

శ్యాంబాబు ఊపిరి పీల్చుకున్నాడు.

"ఏం మూతో గానీ!" అంది పాపాయమ్మ లేస్తూ. "వినీల ఇంట్లోనూ ఇదే రకం సీసా. దాని రెండో పిల్ల, ఒకటో క్లాసు, ఒంటి చేత్తో తీసేస్తుంది."

"ఒక్కో సీసా అంతేనండి. మొండిది."

పాపాయమ్మ కొంగుతో మూతి తుడుచుకుని, గేటు దగ్గరున్నవాళ్లకి చెయ్యూపింది. అక్కడ నలుగురైదుగురు ఆడవాళ్లు ఒకేసారి మాట్లాడుతున్నారు. శ్యాంబాబు సీసా పట్టుకుని వంటింట్లోకి వెళ్లాడు.

మూతకి తువ్వాలు చుట్టి, రోజూలాగే ఒంట్లో బలమంతా పెట్టి బిగించాడు.